వరి కంకులతో గుమ్మానికి గుండ్రటి కుచ్చు: 50 రోజుల నా అనుభవం

ఈ సంక్రాంతికి మా గుమ్మానికి వరి కంకులతో గుండ్రటి కుచ్చు నేనే కట్టాను. కంకులు కోసింది 2024 నవంబర్ 24న, గుమ్మానికి తగిలించింది 2025 జనవరి 13న, భోగి రోజు పొద్దున్నే. మధ్యలో సరిగ్గా 50 రోజులు. ఫోన్లో వీడియోలు చూసినప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోయే పనే అనిపించింది. కట్టడానికి పట్టింది మూడు పొద్దుటి పూటలే, మిగతా రోజులన్నీ ఆరబెట్టడం, పాడైనవి తీసి పారేయడం, మళ్ళీ తెప్పించుకోవడం, ఇంకోసారి ఆరబెట్టడంతోనే గడిచిపోయాయి. వచ్చే ఏడు ఎవరైనా కట్టుకుందామనుకుంటే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది రావులపాలెం దగ్గర పల్లె. చిన్నప్పుడు మా వసారా దూలానికి ధాన్యపు కుచ్చులు వేలాడుతూ ఉండేవి, పైన కాడలు జడలా అల్లి, కింద గింజలు ఒత్తుగా. పిచ్చుకలు వాటిని పట్టుకుని తలకిందులుగా ఊగుతూ తినేవి, కింద పొట్టు పడుతుంటే నాన్నమ్మ ఊడుస్తూనే "తిననీ" అనేది. ఇప్పుడు మేముండేది విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్. దూలం లేదు, వసారా లేదు. జడ కుచ్చు కడితే తలుపు తీసినప్పుడల్లా కొట్టుకుని గింజ రాలిపోతుంది. అందుకని తలుపుకి ఆనుకుని ఉండేలా చుట్టుగా కట్టాలనుకున్నాను.

అమ్మకి చెప్పగానే ముఖం మారిపోయింది. "గుండ్రంగా కట్టి ఎక్కడ పెడతారో తెలీదా నీకు? పండగ పూట గుమ్మానికి అదేంటే?" అంది. చనిపోయినవాళ్ళ మీద పెట్టే పూలచక్రం గుర్తొచ్చింది ఆవిడకి. ఆ మాట నాకు లోపల గుచ్చుకుంది, రెండు రోజులు మానేద్దామనే అనుకున్నాను. కానీ పువ్వు లేకుండా, కొత్త ధాన్యంతో మాత్రమే కడితే అది కుచ్చే అవుతుంది కదా అని నాకు నేను చెప్పుకుని ముందుకెళ్ళాను. ఇంకో మాట కూడా అప్పుడే గట్టిగా అనుకున్నాను: పండగయ్యాక ఇది పిట్టలు తినాలి. కాబట్టి రంగు వేయకూడదు, మెరుపు కోసం వార్నిష్ కొట్టకూడదు, జిగురు పెట్టకూడదు. ఈ ఒక్క నిర్ణయం వల్లే పని ఇంత పెద్దదైందని తర్వాత అర్థమైంది. అయినా అది మార్చుకోనందుకు ఇప్పుడు చాలా సంతోషంగా ఉంది.

బాబాయి ఫోన్ చేసి, "బుధవారం మిషన్ పెట్టామమ్మా, కంకులు కావాలంటే ఆదివారమే వచ్చి కోసుకో, మిషన్ దిగాక నీకు పనికొచ్చే గడ్డిపరక కూడా దొరకదు" అన్నాడు. నేను ఇది అసలు ఊహించలేదు. కోత యంత్రం నడిచిన చేలో కాడతో ఉన్న కంకి అనేదే మిగలదు, గింజ దానిలోకి పోతుంది, గడ్డి నలిగిపోయి వెనక పడుతుంది. ఇదివరకు చేత్తో కోసేటప్పుడు, కోసి చేలో పరిచిన పనల్లోంచి కావలసినన్ని కంకులు ఏరుకునేవాళ్ళు. ఇప్పుడు మీకు కంకులు కావాలంటే మిషన్ ఏ రోజు వస్తుందో కనుక్కుని, దానికి ముందే కొడవలితో వెళ్ళాలి.

నవంబర్ 24న పొద్దున ఆరింటి బస్సెక్కితే రావులపాలెంలో దిగేసరికి తొమ్మిదిన్నర. చేలో ఉన్నది మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ళ స్వర్ణ రకం, ఎంటీయూ 7029. దాని పొట్టు రంగు ముదురు బంగారం, పేరు ఊరికే పెట్టలేదు. నేను బాగా పండి వంగిపోయిన కంకులు చూసి అటు పరిగెత్తాను. బాబాయి పొలం పనులకి వచ్చే పెద్దాయన, గుడికి ప్రతి ఏడూ కుచ్చులు కట్టేది ఆయనే, నన్ను ఆపేశారు. "అవి వద్దండి అమ్మాయిగారూ, ఇంటికెళ్ళేసరికి సంచిలోనే రాలిపోతాయండి. గింజలో పాలు ఇంకిపోవాలండి, మెడ మాత్రం పచ్చగా ఉండాలండి" అన్నారు. ఒక గింజ తీసి నోట్లో వేసుకోమన్నారు, కొరికితే గట్టిగా ఉంది, పాలు రాలేదు. అదే కంకి మెడ దగ్గర, అంటే గింజలు మొదలయ్యే చోట, కాడ ఇంకా లేతాకుపచ్చగా ఉంది. అలాంటివి కావాలి. చేనంతా అప్పటికే పండిపోయింది, కొబ్బరి చెట్ల నీడ పడే గట్టు పక్కన మాత్రం ఇంకా దొరికాయి.

జానెడున్నర కాడ ఉంచి కోయమన్నారు. కోసిన వెంటనే కంకి కింద ఉండే పోటాకు ఒలిచేయాలి, అది ఉంటే కట్టలో తడి పట్టి ఉంటుంది. రెండు గంటల్లో 320 కంకులయ్యాయి. నేను పొట్టి చేతుల చొక్కాతో వెళ్ళాను, వరి ఆకు అంచు చేతుల్నిండా గీరేసింది, దాని మీద నూగు పడి సాయంత్రం దాకా ఒకటే దురద. పిన్ని కొబ్బరినూనె రాస్తే కాస్త తగ్గింది. పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పెద్దాయనకి 300 రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు, పండక్కి పంచె కొనిస్తానంటే మాత్రం నవ్వి ఊరుకున్నారు.

కంకుల్ని పాత చీరలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాను. ఆ మూడున్నర గంటలూ పక్కావిడ నిద్రలో మీదికి వాలుతుంటే నా ప్రాణం కంకుల మీదే ఉంది.

ఇంటికొచ్చాక కట్టకి 20 చొప్పున కట్టి బాల్కనీలో బట్టల తీగకి తలకిందులుగా వేలాడదీశాను. రెండు రోజులు ఆఫీసు హడావిడిలో సరిగ్గా చూడలేదు. 27న పొద్దున చూస్తే మూడు కట్టలు బోడిగా ఉన్నాయి. పావురాలు. పక్కనే ఉన్న గోడ మీద నిలబడి హాయిగా పీకేశాయి. 60 కంకులు పోయాయి. ఏడుపొచ్చింది. పిట్టల కోసమే కదా కడుతున్నావు అని మా ఆయన అన్నారు, నిజమే, కానీ పండక్కి ముందు కాదు కదా! మిగిలినవన్నీ లోపల గదిలోకి మార్చి, పాత దోమతెర చుట్టాను.

డిసెంబర్ మొదటి వారం ఫెంగల్ తుపాను పుణ్యాన మబ్బు పట్టేసింది, ఎండ లేదు, గాలిలో చెమ్మ. గదిలో ఫ్యాన్ రాత్రీ పగలూ వేసే ఉంచినా ఒత్తుగా కట్టిన రెండు కట్టల మధ్యలో బూజు వచ్చింది. పైకి ఏమీ కనపడలేదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన గోనెసంచి వాసన. విప్పి చూస్తే గింజల మీద నల్లటి చుక్కలు. ఆ 40 పిట్టలకి కూడా పెట్టకుండా పారేశాను. అప్పుడే అన్ని కట్టలూ విప్పి పదేసి చొప్పున వదులుగా కట్టాను. మొదటి రోజే అలా కట్టి ఉంటే ఆ నష్టం ఉండేది కాదు.

ఆరడంలోనే ఇంకో సంగతి తెలిసింది. తలకిందులుగా ఆరినవి కర్రల్లా నిటారుగా తయారయ్యాయి, చీపురు పుల్లల్లాగా. చోటు చాలక ఒక 30 కంకుల్ని బకెట్‌లో నిలబెట్టాను, అవి మాత్రం చేలో ఉన్నట్టే తల వంచి, ఆ వంపులోనే ఆరిపోయాయి. వరి అందమంతా ఆ వంపులోనే ఉంది. అప్పటికి ఆలస్యమైపోయింది, మిగతావి నిటారుగానే ఉండిపోయాయి. మీరు మాత్రం బకెట్‌లో నిలబెట్టి ఆరబెట్టండి.

డిసెంబర్ 8 ఆదివారం మధ్యాహ్నం, కంకులు గలగలలాడుతున్నాయి, ఇంక కట్టేద్దామని కూర్చున్నాను. అట్టపెట్టె కత్తిరించి చుట్టు చేశాను, పురికొస తెచ్చాను, భోజనాల బల్ల మీద అన్నీ సర్దుకున్నాను. నాలుగో గుత్తి దగ్గరే మొదలైంది. కాడని చుట్టుకి ఆనించి కాస్త వంచితే టప్పున విరిగిపోతోంది. బిగించి కడితే పురికొస కిందున్న గింజలు జలజలా రాలిపోతున్నాయి. సగం చుట్టు అయ్యేసరికి అట్ట బరువుకి కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయింది. బల్ల మీద, ఒళ్ళో, కుర్చీ కింద ఎక్కడ చూసినా వడ్లు, ఊడ్చి ఎత్తితే సోలెడు వచ్చాయి. 70 కంకులు పాడయ్యాయి. అమ్మ ఏమీ అనలేదు. ఆ వడ్లని చేటలో పోసుకుని చెరిగి డబ్బాలో పోసింది. అమ్మ అలా మాట్లాడకుండా ఉండడం నాకు ఇంకా బాధేసింది.

మర్నాడు బాబాయికి ఫోన్ చేసి పెద్దాయనకి ఇమ్మన్నాను. జరిగిందంతా విని ఒక్కటే అడిగారు, "ఎన్ని గంటలకి కట్టారండి?" మధ్యాహ్నం రెండింటికి అన్నాను. "అదేనండి మరి! పనలు కట్టేది ఎప్పుడండి? తెల్లారగట్ల, మంచులో కదండి. ఎండెక్కాక వరి ముట్టుకుంటే రాలకేం చేస్తుందండి?"

చేలో పుట్టి పెరిగి కూడా నాకు ఇది తట్టలేదు. చిన్నప్పుడు నాన్న చీకటితోనే చేలోకి ఎందుకు వెళ్ళేవాడో, మోపులు కట్టడం పొద్దెక్కేలోపు ఎందుకు ముగించేవాళ్ళో అప్పుడు అర్థమైంది. రాత్రి మంచుకి కాడ మెత్తబడుతుంది, గింజ కంకిని పట్టుకుని ఉంటుంది. ఎండ తగిలాక అదే కంకి పెళుసైపోతుంది.

నేను విన్నది వెంటనే చేసినా తప్పుగా చేశాను. మా బాల్కనీకి పైకప్పు ఉంది, మంచు పడదు, అందుకని ఒక పది కంకుల్ని రాత్రంతా తడి తువ్వాలులో మొత్తం చుట్టేశాను. పొద్దున కాడలు బాగా వంగాయి, ఒక్క గింజ రాలలేదు, ఎంత ఆనందమేసిందో. మూడో రోజుకి ఆ పదింటికీ మళ్ళీ అదే గోనెసంచి వాసన. గింజలు తడవకూడదు, కాడలకి మాత్రమే చెమ్మ తగలాలి. చివరికి కుదిరింది ఇలా: కంకుల్ని రాత్రి మేడ మీద, దోమతెర కింద ఒక మడత మంచం మీద పరిచి, కాడల వైపు మాత్రం తడిపి గట్టిగా పిండేసిన గుడ్డ కప్పడం. డిసెంబర్ మంచు మిగతాది చూసుకుంది.

చుట్టు కోసం ఈసారి బుట్టలల్లే వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. వెదురు బద్దని రెండు వరసలుగా చుట్టి, 14 అంగుళాల చుట్టు పది నిమిషాల్లో చేసిచ్చారు, 60 రూపాయలు. అట్టతో తిప్పలు పడకుండా మొదటే అక్కడికి వెళ్ళాల్సింది. పురికొస ఉండ 40, సన్నటి బైండింగ్ వైరు పావు కిలో 30. కంకులు మాత్రం 140 మిగిలాయి, చాలవు. పిన్ని దేవుడి గదికని దాచుకున్న మోపులోంచి 200 తీసి తమ్ముడి చేత 20న పంపింది. నేను అడగకుండానే పంపింది. అవి బాగా పండినవి, కానీ మంచులో పెట్టే సంగతి తెలిసింది కాబట్టి భయం వేయలేదు.

డిసెంబర్ 22, 23, 24. మూడు రోజులూ నాలుగున్నరకి లేచి మేడెక్కాను, ఐదు నుంచి ఏడు దాకా కట్టాను. ట్యూబ్‌లైటు వెలుగులో, స్వెటర్ వేసుకుని, కింద పాత దుప్పటి పరుచుకుని. ఒక్కో గుత్తికి ఎనిమిది కంకులు. ఎనిమిదీ ఒకే ఎత్తులో కాకుండా రెండు పొడుగ్గా, మూడు మధ్యస్థంగా, మూడు పొట్టిగా పెడితే గుత్తి నిండుగా కనిపిస్తుంది. కాడలు నాలుగు అంగుళాలకి కత్తిరించి, బొటనవేలితో నొక్కి పట్టుకుని, పురికొస రెండు చుట్లు తిప్పి లాగితే కాడలు విరక్కుండా ఒకదాంట్లో ఒకటి సర్దుకునే చిన్న చప్పుడు వస్తుంది, కిర్రుమని. ఆ చప్పుడు వస్తే బిగిసినట్టే. రెండో గుత్తి తలలు మొదటి గుత్తి కట్టు మీద పడాలి, మూడోది రెండోదాని మీద. పురికొస ఎక్కడా తెంపకూడదు, ఒకే ఉండ మొదటి నుంచి చివరి దాకా. అన్నీ ఒకే వైపుకి తిరిగి ఉండాలి. ఆఖరి గుత్తి కట్టేటప్పుడు మొదటి గుత్తి తలల్ని నెమ్మదిగా పైకెత్తి దాని కింద దూర్చి కట్టాలి, ఇది ఒక్కటే ఇద్దరి పని. మా ఆయన పట్టుకున్నారు. మొత్తం 31 గుత్తులు, 248 కంకులు. వంపు తిరిగి ఆరిన ఆ 30 కంకుల్నీ కింది భాగంలో పెట్టాను, చూపు అక్కడికే వెళ్తుంది.

మూడో రోజు ఏడింటికి దాన్ని రెండు చేతులతో ఎత్తి చూస్తే, మంచుకి తడిసి, తూర్పు వెలుగులో... నాకు మాట రాలేదు. కిందికి తెచ్చి అమ్మ ముందు పెట్టాను. అమ్మ ఒక గింజ గిల్లి, పొట్టు తీసి, బియ్యపు గింజ చూసింది. "కుచ్చే కదే ఇది, చుట్టుగా ఉంది అంతే" అంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. రెండు రోజులు నీడలో ఆరబెడితే గుత్తులన్నీ కదులుతున్నాయి, వేలు పెట్టి తోస్తే జరుగుతున్నాయి. చెమ్మ పోయి కాడలు సన్నబడ్డాయి, పురికొస మాత్రం ఉన్నంతే ఉంది. ఇందుకోసమే మళ్ళీ ఒక రాత్రి మేడ మీద పెట్టి, పొద్దున్నే వెనక వైపు నుంచి మూడేసి గుత్తులకి ఒక వైరు వేసి మెలిపెట్టి బిగించాను. వైరు కొసలు లోపలికి వంచేయాలి, పిట్ట కాలికి గుచ్చుకోకుండా. తర్వాత పండగ దాకా దోమతెరలో, చుట్టూ ఎండిన వేపాకు వేసి ఉంచాను. వడ్ల చిలుక, అదే ధాన్యానికి పట్టే రెక్కల పురుగు, ఒక్కటి కూడా కనపడలేదు.

తూకం వేస్తే కిలో వంద గ్రాములు. తలుపుకి మేకు కొట్టడం ఇష్టం లేక అంటించే కొక్కెం తెచ్చాను, 150 రూపాయలు, రెండు కిలోలు మోస్తుందని దాని మీద ఉంది. జనవరి 11న సరదాగా తగిలించి చూసి అలాగే ఉంచేశాను. అర్ధరాత్రి రెండింటికి ధబ్బుమని శబ్దం. పాలిష్ చేసిన చెక్క మీద జిగురు నిలవలేదు. గుండె ఆగినంత పనైంది, పరుగున వెళ్ళి లైటు వేస్తే ఒక పక్క రెండు గుత్తులు నలిగాయి, గిద్దెడు వడ్లు రాలాయి, వెదురు చుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. నలిగిన చోట మిగిలిన కంకులు దూర్చి సరిచేశాను. తీరా చూస్తే గుమ్మం పైకమ్మీకి రెండు చివరలా మామిడి తోరణం మేకులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆ రెండింటి మధ్య పురికొస నాలుగు పేటలు లాగి, మధ్యలో కట్టాను. తోరణం దానిమీదే వచ్చింది. బంతి పూలు మాత్రం కుచ్చుకి తగలకుండా పైనే ఉంచాను, పూల తడి కంకికి తగిలితే మచ్చ పడుతుంది.

భోగి నుంచి కనుమ దాకా మూడు రోజులూ తలుపు తీసిన ప్రతిసారీ కొత్త ధాన్యం వాసన. పై అంతస్తు పెద్దావిడ మెట్లు దిగుతూ ఆగి, చెయ్యి పెట్టి నిమిరి, వాళ్ళ ఊరి సంగతులు పావుగంట చెప్పారు. అంతకు ముందు నాలుగేళ్ళలో మేమిద్దరం అంతసేపు మాట్లాడుకున్నది లేదు.

కనుమ సాయంత్రం దాన్ని విప్పి బాల్కనీ బయట, తీగకి వేలాడదీశాను. పావురాలు వెంటనే వచ్చాయి. కానీ ఊగే చుట్టు మీద వాటికి కాలు నిలవదు, రెండుసార్లు రెక్కలు కొట్టుకుని వెళ్ళిపోయాయి, కింద రాలినవి మాత్రం తిన్నాయి. పిచ్చుకలు మాత్రం రాలేదు. ఒక రోజు, రెండు రోజులు, వారం. గాలికి కుచ్చు బొంగరంలా తిరుగుతోంది, అందుకేనేమోనని కింద నుంచి ఇంకో పురికొస కట్టి కదలకుండా చేశాను. జనవరి 24న పొద్దున కాఫీ పెట్టుకుంటుంటే అమ్మ కేక వేయకుండా, చేత్తో రమ్మని సైగ చేసింది. రెండు పిచ్చుకలు, కింది వంపు కంకుల్ని పట్టుకుని తలకిందులుగా.

ఈ రోజు ఫిబ్రవరి 9. కింది సగం పూర్తిగా బోడిదైపోయింది, పైన ఇంకా పది గుత్తుల దాకా ఉన్నాయి, ఇప్పుడు వచ్చేవి ఐదారు పిచ్చుకలు. అమ్మ పొద్దున్నే కింద పొట్టు ఊడుస్తోంది. అవి తినేశాక వెదురు చుట్టు తీసి దాచుకుంటాను. నిన్న బాబాయి ఫోన్ చేశాడు, దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు అయిపోయాయట. మిషన్ పెట్టేటప్పుడు కొబ్బరి చెట్ల పక్కన రెండు వరసలు వదిలేయమని ఇప్పుడే చెప్పి పెట్టాను.